అంతరిక్ష సైన్యాలు, అగ్రరాజ్యాల ఆయువు

అంతరిక్ష సైన్యం అన్న మాటకు నేటి అర్థం చాలా చిన్నది. ఉపగ్రహాలను, వాటితో మాట్లాడే నేలమీది కేంద్రాలను, రెంటి మధ్య నడిచే సంకేతాలను కాపాడుకోవడానికి, అవసరం పడితే అవే ఎదుటివాడికి పనికిరాకుండా చేయడానికి ఒక రాజ్యం నిలుపుకొనే దళం అది. అందులోని సిబ్బంది దాదాపు అందరూ నేలమీదే, తెరల ముందే డ్యూటీ చేస్తారు. సినిమాలు చూపించే వ్యోమనౌకల దండు ఇంకా ఊహే. అగ్రరాజ్యం అన్న మాట కూడా మరీ పాతదేం కాదు. ఆ అర్థమిచ్చే ఇంగ్లీషు మాటకు 1944లో అమెరికన్ పండితుడు విలియం ఫాక్స్ తన పుస్తకంతో ప్రచారం తెచ్చాడు. అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ మూడింటినీ ఆయన ఆ కోవలో చేర్చాడు. పన్నెండేళ్లకే, 1956 సూయజ్ సంక్షోభంతో, బ్రిటన్ ఆ జాబితాలోంచి జారిపోయింది. 1991లో సోవియట్ యూనియన్ ఉనికే పోయింది.

ఒక పెద్ద రాజ్యం ఎన్నాళ్లు నిలుస్తుంది, దాని కొత్త ఆయుధం దాని ఆయువును పెంచుతుందా తగ్గిస్తుందా అన్న ప్రశ్నలు అంతరిక్షానికి ముందే ఉన్నాయి. వాటికి జవాబు వెతకడానికి దక్షిణ తెలంగాణలోని మక్తల్ మంచి చోటు.

మక్తల్, నడిగడ్డ

మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు పోయే 167వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది మక్తల్. పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోది. 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరింది. ఊరికి పడమటి ఆంజనేయస్వామి గుడి పేరు. కర్ణాటక దాటి కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది ఈ పక్కనే, తంగిడి దగ్గర. భీమా నది వచ్చి కలిసేదీ అక్కడే. ఏరు దాటితే రాయచూరు. కృష్ణ, తుంగభద్రల మధ్య నేలను చరిత్ర పుస్తకాలు రాయచూరు అంతర్వేది అంటాయి. దాని తూర్పు కొసను, అంటే గద్వాల, అలంపురం వైపును, పాలమూరు జనం నడిగడ్డ అంటారు.

నల్లరేగడి పొలాలు, రెండు పక్కలా నదులు, దండు దాటగల రేవులు, ఆ రేవుల మీద సుంకాలు. దక్కనులో పెద్దవాడు కావాలనుకున్న ప్రతివాడి కన్నూ ఈ నేల మీద పడింది. రాయచూరు జిల్లా మస్కిలో 1915లో, అది నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, ఒక బండ మీద మౌర్యుల శాసనం బయటపడింది. అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న శాసనం చరిత్రకారులకు దొరకడం అదే మొదలు. పాటలీపుత్రం నుంచి మస్కి ఎంత దూరమో తలచుకుంటే అగ్రరాజ్యం అంటే ఏమిటో తెలుస్తుంది. అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్నాయి. రాయచూరు కోటలో 1294 నాటి శాసనం ఉంది. కాకతీయుల సామంతుడు, వర్ధమానపురం ఏలిన గోన గన్నారెడ్డి తరఫున విఠలనాథుడు ఆ కోట కట్టించిన సంగతి అది చెబుతుంది. గన్నారెడ్డి మన పాలమూరు వాడే. తరువాత బహమనీలు, విజయనగరం, బీజాపూరు ఆదిల్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు ఒకరి చేతిలోంచి ఒకరు దీన్ని లాక్కున్నారు. ఇంతమంది పెద్దలను వరుసగా చూసిన నేల దేశంలో తక్కువ.

రెండు వందల ఏళ్ల లెక్క

ఆ వరుసకు ఏళ్లు కట్టి చూద్దాం. బాదామి చాళుక్యులు 543 నుంచి 753 దాకా, 210 ఏళ్లు. వారిని పడగొట్టిన రాష్ట్రకూటులు 753 నుంచి 973 దాకా, 220. కళ్యాణి చాళుక్యులు అక్కణ్ణుంచి 1189 దాకా, 216. రుద్రదేవుడు హనుమకొండ శాసనంతో స్వతంత్రం చాటిన 1163 నుంచి లెక్కపెడితే కాకతీయులు 160 ఏళ్లు. బహమనీలు 1347 నుంచి సుమారు 180. బీజాపూరు 1490 నుంచి 1686 దాకా 196, గోల్కొండ 1518 నుంచి 1687 దాకా 169. ఆసఫ్‌జాహీలు 1724 నుంచి 1948 దాకా 224. ప్లాసీ యుద్ధం మొదలు స్వాతంత్ర్యం దాకా ఇంగ్లీషువాళ్లు 190. అటూ ఇటూగా అందరూ రెండు వందల దగ్గరే ఆగారు.

ఈ పోలిక చూసి నియమం దొరికిందని సంబరపడినవాళ్లు చాలామంది. బహమనీ రాజ్యం ముప్పయ్యేళ్ల వయసులో ఉండగా, 1377లో, ఉత్తర ఆఫ్రికాలో ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్ర గ్రంథానికి ముందుమాట రాస్తూ రాజవంశానికి మూడు తరాలు, అంటే 120 ఏళ్లు, అన్నాడు. ఎడారి కష్టం ఎరిగిన మొదటి తరానికి ఉండే కట్టు, నగర సుఖం మరిగిన మూడో తరానికి ఉండదన్నది ఆయన వాదం. బ్రిటిష్ సేనాని జాన్ గ్లబ్ 1970లలో 250 ఏళ్లు అని తేల్చాడు. గ్లబ్ లెక్కలో లోపం పట్టడం కష్టం కాదు. మొదలూ తుదా ఎక్కడ పెట్టాలో లెక్క వేసేవాడి ఇష్టం. విజయనగరం 1336లో పుట్టింది సరే, 1565లో పోయిందంటే 229 ఏళ్లు. పెనుగొండ, చంద్రగిరి, వెల్లూరు రాజులనూ కలుపుకొని 1646 దాకా లాగితే 310. ఔరంగజేబు చనిపోయిన 1707తో ఆపితే మొగలుల వయసు 181, బహదూర్‌షా జఫర్ దాకా పోతే 331. పైన నేను వేసిన వరుసకూ ఇదే దోషం ఉంది. రెండు వందలకు దగ్గరగా వచ్చే తేదీలు ఎంచుకోవడం చెయ్యి తిరిగిన పనే.

ఇంతకన్నా నిలకడైన పని 2011లో శామ్యూల్ ఆర్బ్స్‌మన్ చేశాడు. క్రీస్తు పూర్వం 3000 నుంచి క్రీస్తు శకం 600 దాకా ఉన్న 41 సామ్రాజ్యాల ఆయువులు తీసుకున్నాడు. సగటు సుమారు 220 ఏళ్లు వచ్చింది. అసలు సంగతి సగటు కాదు, ఆ ఆయువుల పంపకం. సామ్రాజ్యాలు ముసలివై చావడం లేదు. చాయ్ హోటల్లో గాజు గ్లాసు లాంటివి అవి. గ్లాసు పాతబడి పగలదు, చేయి జారి పగులుతుంది. కొన్న రోజున ఎంత ప్రమాదమో పదేళ్ల తరువాతా అంతే ప్రమాదం. యాభై ఏళ్ల రాజ్యమైనా మూడు వందల ఏళ్ల రాజ్యమైనా రాబోయే ఏడాదిలో కూలే అవకాశం దాదాపు ఒకటే, అర శాతానికి కాస్త తక్కువ. ఇదే పద్ధతి సాగితే ఏ పెద్ద రాజ్యమైనా ఇంకో నూరేళ్లు నిలిచే అవకాశం నూటికి అరవైమూడు పాళ్లు. ప్రాచీన కాలపు లెక్కను నేటి అణ్వాయుధ రాజ్యాలకు ఎంతవరకు అతికించవచ్చో చెప్పలేం గానీ, ‘కాలం చెల్లింది’ అనే మాటను కొంచెం అనుమానంగా చూడమని ఇది నేర్పుతుంది.

కారణాల సంగతికొస్తే ఎక్కువగా వినపడేది 1987లో పాల్ కెనెడీ చెప్పినది. పెద్ద రాజ్యం తన సంపద మోయగలిగినదానికన్నా ఎక్కువ సైనిక బాధ్యతలు నెత్తికెత్తుకుంటుంది. అప్పుడు సైన్యమే భారమవుతుంది. రాయచూరు అంతర్వేదిలో ఇది కాగితం మీద సంతకాలతో సహా జరిగింది. ఆ కథ కొంచెం ముందుకు పోయాక.

రాయచూరు, 1520

1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించాడు. కోట బీజాపూరు చేతిలో ఉంది. ఇస్మాయిల్ ఆదిల్‌షా దాన్ని విడిపించుకోవడానికి దండుతో, బోలెడన్ని ఫిరంగులతో కృష్ణ దాటి వచ్చాడు. మొదటి దెబ్బకు ఆ ఫిరంగులు విజయనగరం ముందువరుసలను చెల్లాచెదురు చేశాయి. రాయలు వెనక్కి తగ్గలేదు. తిరగబడి తరిమితే బీజాపూరు దండు ఏట్లో పడింది. నాలుగు వందల పెద్ద ఫిరంగులు రాయల చేతికి చిక్కాయని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాశాడు. తరువాత కోట పని పట్టడానికి క్రిస్టోవావ్ ద ఫిగెరెదో అనే పోర్చుగీసువాడు తన తుపాకీ మనుషులతో సాయపడ్డాడు. వాళ్లు గోడ మీద తల కనిపించినవాణ్ణల్లా కాలుస్తుంటే కింద రాయల మనుషులు గునపాలతో గోడ పెకలించారు.

చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ ఈ యుద్ధం మీద చెప్పిన మాట అంతరిక్ష సైన్యాల గురించి ఆలోచించేవారు దాచుకోదగ్గది. ఫిరంగులున్నవాడు ఓడాడు, గుర్రాలూ కాల్బలమూ ఉన్నవాడు గెలిచాడు. దాంతో గెలిచినవాడికి ఫిరంగి మీద పెద్ద గురి కుదరలేదు. ఓడినవాడు మాత్రం ఎక్కడ తప్పిందో వెతుక్కున్నాడు. బీజాపూరు ఫిరంగులను మార్చుకుంది, కోట బురుజులను వాటికి తగ్గట్టు కట్టుకుంది. 1565 జనవరి 23న కృష్ణ ఒడ్డునే, తళ్లికోట యుద్ధం అని మనం చెప్పుకునే పోరులో, దక్కను సుల్తానుల కూటమి విజయనగరం పగ్గాలు పట్టిన అళియ రామరాయలను చంపింది. రాజధాని హంపి పాడుపడింది. కొత్త ఆయుధం చేతికొచ్చినంత మాత్రాన రాజ్యం నిలవదు, మొదటిసారి అది విఫలమైనంత మాత్రాన దాని పని అయిపోదు. నలభై అయిదేళ్లు పట్టింది ఆ రెండో సగం తెలియడానికి.

ఆకాశంలో ఇప్పటిదాకా

మనిషి చేసిన వస్తువు మొదట అంతరిక్షాన్ని తాకింది ఆయుధంగానే. 1944 జూన్‌లో జర్మనీ వీ-2 రాకెట్టు ఒకటి నూరు కిలోమీటర్ల ఎత్తు దాటింది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ పైకి పోయింది. రెండేళ్లకే అమెరికా ఉపగ్రహాలను కొట్టే క్షిపణిని విమానం నుంచి వదిలి చూసింది. 1962 జూలైలో పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున అమెరికా అణుబాంబు పేల్చింది. పధ్నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని హవాయిలో వీధిదీపాలు ఆరిపోయాయి, కక్ష్యలోని ఉపగ్రహాలు చాలా చెడిపోయాయి. వాటిలో అమెరికా సొంతవీ, మిత్రదేశం బ్రిటన్‌దీ ఉన్నాయి. ఆకాశంలో పేల్చిన బాంబుకు తనవాడూ పరాయివాడూ లేడని అప్పుడే తెలిసింది. 1967 అంతరిక్ష ఒప్పందంలో అణ్వాయుధాలను కక్ష్యలో పెట్టకూడదనీ, చంద్రుడి మీద సైనిక స్థావరాలు కట్టకూడదనీ రాసుకోవడం వెనుక ఆ అనుభవం ఉంది. మామూలు ఆయుధాలను కక్ష్యలో పెట్టొద్దని మాత్రం ఆ ఒప్పందం అనలేదు.

ఆ సందులోంచే సోవియట్లు దూరారు. 1974లో సల్యూత్-3 అంతరిక్ష కేంద్రానికి విమాన ఫిరంగి ఒకటి బిగించి, 1975 జనవరిలో మనుషులెవరూ లోపల లేనప్పుడు పేల్చి చూశారు. అంతరిక్షంలో తుపాకీ పేలింది అప్పుడే. 1983 మార్చిలో రీగన్ ప్రకటించిన క్షిపణి కవచానికి పత్రికలు సినిమా పేరు తగిలించాయి, ‘స్టార్ వార్స్’. పదేళ్లలో అది మూతపడింది. ఈలోగా అసలు మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. 1991 గల్ఫ్ యుద్ధంలో ఉపగ్రహాల సాయంతో అమెరికా దండు దారీ తెన్నూ లేని ఎడారిలో దారి తప్పకుండా నడిచింది. అప్పటినుంచి పెద్ద సైన్యాలకు ఉపగ్రహం కళ్లూ చెవులూ అయింది. శత్రువుకు గురి కూడా అయింది.

2007 జనవరిలో చైనా 865 కిలోమీటర్ల ఎత్తున తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని క్షిపణితో పగలగొట్టింది. నేలమీది రాడార్లు లెక్కపెట్టగలిగిన ముక్కలే మూడు వేలు దాటాయి. 2021 నవంబరులో రష్యా ఇదే పని చేస్తే దాదాపు 1,500 ముక్కలు లేచి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు తమ నౌకల్లోకి దూరి దాక్కోవలసి వచ్చింది. వాళ్లలో రష్యన్లూ ఉన్నారు.

విడిగా దళాలు కట్టడంలో రష్యా ముందుంది. 1992లో నిలిపి, తరువాత రద్దు చేసి, మళ్లీ నిలిపి, 2015లో వైమానిక దళంతో కలిపేసింది. అమెరికా 2019 డిసెంబరు 20న స్పేస్ ఫోర్స్‌ను ప్రత్యేక దళం చేసింది. యూనిఫాంలోని మనుషులు సుమారు పదివేలే. చైనా 2015 చివర్లో కట్టిన దళాన్ని 2024 ఏప్రిల్‌లో విప్పి, అంతరిక్ష పనులకు వేరే దళం పెట్టింది. కడుతూ విప్పుతూ ఉండటం చూస్తే, ఈ సైన్యం ఏ పనికో ఎవరికీ ఇంకా నిశ్చయంగా తేలలేదనిపిస్తుంది.

తెలుగు నేల వాటా

2019 మార్చి 27న భారత్ ‘మిషన్ శక్తి’ జరిపింది. శ్రీహరికోట నుంచి ఆ జనవరిలోనే పంపిన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని, ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి వదిలిన క్షిపణి సుమారు 280 కిలోమీటర్ల ఎత్తున ఢీకొట్టింది. మూడు నిమిషాల పని. ఆ క్షిపణి వెనుక ఉన్నవి హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలు; అప్పుడు డీఆర్‌డీవోకు అధిపతి నెల్లూరు జిల్లా మనిషి జి. సతీశ్‌రెడ్డి. తక్కువ ఎత్తు ఎంచుకోవడం వల్ల ముక్కల్లో ఎక్కువ భాగం కొన్ని వారాల్లో గాలి రాపిడికి కాలిపోయింది. అయితే దెబ్బ ఊపుకు కొన్ని పైకి ఎగిరి చాలా నెలలు తిరిగాయి. అదే ఏడాది త్రివిధ దళాలకు ఉమ్మడిగా డిఫెన్స్ స్పేస్ ఏజెన్సీ ఏర్పడింది. దేశానికి ప్రత్యేక అంతరిక్ష దళం మాత్రం లేదు. నౌకాదళానికి 2013లో జీశాట్-7, వైమానిక దళానికి 2018 డిసెంబరులో జీశాట్-7ఎ కక్ష్య చేరాయి. రెండోది ఎగిరింది శ్రీహరికోట నుంచే.

మక్తల్ నుంచి హైదరాబాదు పోయేవాళ్ల దారిలో షాద్‌నగర్ ఉంది. 2016 దాకా అదీ పాలమూరు జిల్లాయే. అక్కడ జాతీయ దూరసంవేదన కేంద్రం వారి గిన్నెల్లాంటి పెద్ద యాంటెనాలు ఉపగ్రహాల నుంచి బొమ్మలు దించుకుంటాయి. పంట విస్తీర్ణాలు, చెరువుల్లో నీటి మట్టాలు, వరదలు, అడవి మంటలు వాటిలో తెలుస్తాయి. అది పౌర సంస్థ. అయినా పైనుంచి చూసే కంటికి పత్తి చేనూ యుద్ధ ట్యాంకూ రెండూ కనిపిస్తాయి. అంతరిక్షంలో పౌర పనికీ సైనిక పనికీ మధ్య గట్టు ఎంత సన్ననిదో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ పాలమూరు వాళ్లకు అక్కర్లేదు.

ఊహలు

ఆకాశంలో యుద్ధం అన్న ఊహ మనకు కొత్తేం కాదు. మయుడు తారకాసురుడి కొడుకుల కోసం బంగారం, వెండి, ఇనుముతో మూడు పురాలు కట్టాడు. అవి ఆకాశంలో తిరుగుతుంటాయి. వెయ్యేళ్లకొకసారి మూడూ ఒక్క వరుసలోకి వస్తాయి. ఆ క్షణంలో ఒక్క బాణంతో కొడితేనే కూలుతాయి. శివుడు కొట్టాడు. సాళ్వుడు సౌభకమనే ఎగిరే పట్టణమెక్కి ద్వారక మీద దాడి చేసిన కథ భాగవతంలో ఉంది. వీటిని చూపించి పూర్వం మనకు క్షిపణులుండేవని వాదించేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. కథ కట్టినవాడి చూపు మాత్రం గట్టిది. తిరిగే గురిని కొట్టాలంటే బలంకన్నా వేళ ముఖ్యమని అతనికి తెలుసు. మిషన్ శక్తి లెక్కలన్నీ ఆ వేళ కోసమే.

సినిమా కూడా ఈ దారిన పోయింది. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) కథానాయకుణ్ణి కాలయంత్రంలో ఎక్కించి మొదట కృష్ణదేవరాయల కొలువుకూ, ఆనక 2504వ సంవత్సరానికీ పంపింది. ఒక అగ్రరాజ్యం వెలిగిన కాలం, ప్రపంచమే యుద్ధంలో కాలిపోయిన కాలం, రెండూ ఒకే టికెట్టు మీద. ఆ సినిమా వచ్చిన ఏడాదే సోవియట్ యూనియన్ పోవడం కాకతాళీయం.

పాశ్చాత్య ఊహ ఎక్కువగా సముద్రాన్ని పట్టుకుంది. ఆ కథల్లో కెప్టెన్లు, అడ్మిరల్‌లు, నౌకలు. మన భాషా అటే మొగ్గింది, వ్యోమనౌక అన్నాం. కానీ భౌతికశాస్త్రం నౌకాయుద్ధానికి ఒప్పుకోదు. భూమికి దగ్గరి కక్ష్యలో ఏ వస్తువైనా సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో పోతుంది. దారి మార్చాలంటే బోలెడు ఇంధనం కావాలి, అది కిందినుంచే మోసుకెళ్లాలి. చల్లటి చీకట్లో ఏ యంత్రమైనా వేడితో బయటపడుతుంది, కాబట్టి దాక్కోవడం కష్టం. అంగారకుడి దగ్గరి దండుకు ఇక్కడినుంచి పంపిన ఆజ్ఞ చేరడానికి దూరాన్ని బట్టి మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. 1959లో అమెరికా సైన్యం చంద్రుడి మీద పన్నెండుమందితో స్థావరం పెట్టే పథకం రాసుకుంది. అది దస్త్రాల్లోనే ఉండిపోయింది.

తెలుగులో ఇంకో మాట ఉంది, కక్ష్య. గ్రహం తిరిగే దారికి ఆ పేరు పెట్టకముందు కక్ష్య అంటే కోటలో ప్రాకారానికీ ప్రాకారానికీ మధ్య ఉండే ఆవరణ. అంతరిక్ష యుద్ధం గురించి నౌకకన్నా ఈ మాటే సరిగ్గా చెబుతుందని నా అభిప్రాయం. బ్రిటిష్ పండితుడు బ్లెడిన్ బోవెన్ కూడా భూమి చుట్టూ ఉన్న కక్ష్యలను నడిసముద్రంగా కాక తీరంగా చూడమంటాడు. అంటే అక్కడి పని కింద నేలమీది యుద్ధంతో ముడిపడే ఉంటుంది. రాయచూరు వాళ్లకు దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. ఏరంతా ఎవడూ పట్టుకోడు, రేవులు పట్టుకుంటాడు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున భూమితో సమంగా తిరిగే భూస్థిర కక్ష్య అలాంటి రేవు. భూమి చంద్రుల మధ్య ఆకర్షణలు సరితూగే చోట్లు, ఎప్పుడూ నీడలో ఉండి మంచు దాచుకున్న చంద్ర దక్షిణ ధ్రువపు గుంటలు మరికొన్ని. రాబోయే యాభై ఏళ్లలో అంతరిక్ష సైన్యాల పని ఈ రేవుల దగ్గర కావలి కాయడం, పక్కవాడి ఉపగ్రహం ఎందుకు దగ్గరికొస్తోందో కనిపెట్టడం, సంకేతాలకు అడ్డం పడటం, అడ్డం పడకుండా చూసుకోవడం. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన వేళకే ఒక ప్రైవేటు ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ మోడెములు వేలాదిగా పనిచేయడం మానేశాయి. ఉపగ్రహానికి ఏమీ కాలేదు, దెబ్బ నేలమీది వ్యవస్థకు తగిలింది.

ఖర్చు, కంపెనీ

ఇప్పుడు కెనెడీ కథకు వద్దాం. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారులు తీర్చిదిద్దిన సొంత పటాలాలను విడిచిపెట్టి, రక్షణ బాధ్యత ఒక వ్యాపార కంపెనీకి అప్పగించాడు. ఆ తరువాత హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో దళం ఖర్చూ ఆయన నెత్తిన పడింది. జీతాల బాకీ పేరుకుపోయింది. 1853లో ఆ బాకీ కింద బేరారుతో పాటు రాయచూరు అంతర్వేదిని కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. 1857లో ఇంగ్లీషువాళ్లకు తోడు నిలిచినందుకు 1860లో అంతర్వేది తిరిగొచ్చింది, బేరారు రాలేదు. రేవులనూ కోటనూ కోల్పోవడానికి యుద్ధం అక్కర్లేదు, సైన్యం బిల్లు చాలు.

నేటి అంతరిక్షంలో కంపెనీలు మళ్లీ వచ్చాయి. 2019 మేలో మొదటి అరవై ఉపగ్రహాలు వదిలిన స్టార్‌లింక్ ఇప్పుడు వేలల్లో నడుపుతోంది, ఏ ప్రభుత్వానికీ అన్ని లేవు. ఉక్రెయిన్ సైన్యం దానిమీద ఎంతగా ఆధారపడిందో లోకమంతా చూసింది. హైదరాబాదు సంస్థ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేసి, దేశంలో ప్రైవేటు రాకెట్టు ఎగరేసిన మొదటి సంస్థ అయింది. కంపెనీలన్నీ ప్లాసీకి పోతాయని కాదు. కానీ అద్దెకు తెచ్చుకున్న దండు ఎవరి మాట వింటుందన్నది నిజాం దర్బారులో ఒకసారి అడగాల్సిన ప్రశ్నే.

మిగిలేవి

సెర్గెయ్ క్రికల్యోవ్ 1991 మేలో సోవియట్ పౌరుడిగా మీర్ కేంద్రానికి వెళ్లాడు. 1992 మార్చిలో దిగేసరికి పంపిన దేశం లేదు, దిగిన నేల కజకిస్థాన్ అనే వేరే దేశం. సోవియట్ నౌకాదళం సముద్రాల మీద నిఘాకు పంపిన అణు రియాక్టర్ల ఉపగ్రహాల అవశేషాలు కొన్ని ఇప్పటికీ తొమ్మిది వందల కిలోమీటర్ల పైన తిరుగుతున్నాయి. కొన్ని వందల ఏళ్లు తిరుగుతాయి. ఆ రకం ఉపగ్రహాల్లో ఒకటి, కాస్మోస్-954, 1978లో కెనడా మీద కూలితే మాస్కో 30 లక్షల కెనడా డాలర్లు పరిహారం కట్టింది. మిగతావి కిందికి వచ్చేనాటికి బిల్లు ఎవరి పేరన రాయాలో ఇప్పటి ప్రభుత్వాలను చూసి చెప్పలేం.

అమెరికా నౌకాదళ ప్రయోగశాల 1958 మార్చి 17న పంపిన వాన్‌గార్డ్-1 బరువు కిలోన్నర లోపే. 1964లో దాని గొంతు మూగబోయింది, తిరగడం ఆగలేదు. రెండు వేల ఏళ్లు ఉంటుందని మొదట లెక్కగట్టారు. సూర్యకాంతి ఒత్తిడి, పలచటి గాలి రాపిడి కలిపి చూశాక 240 ఏళ్లకు దించారు. ఆర్బ్స్‌మన్ సగటుకు ఇరవయ్యేళ్లు ఎక్కువ.

మక్తల్ దగ్గర, కృష్ణ ఒడ్డున, ముడుమాల్ ఉంది. పది నుంచి పధ్నాలుగు అడుగుల నిలువురాళ్లు ఎనభై దాకా, వాటి చుట్టూ చిన్న రాళ్ల వరుసలు. మూడున్నర వేల ఏళ్ల నాటివంటారు. పొద్దు ఉత్తరానికీ దక్షిణానికీ తిరిగే రోజుల్లో కొన్ని వరుసలు సూర్యోదయ సూర్యాస్తమయాల దిక్కుకు సరిపోతాయనీ, ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలపు బొమ్మ అనీ హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు చూపించారు. 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో ముడుమాల్ చేరింది. అదే విడతలో మౌర్యుల దారుల్లోని అశోక శాసన స్థలాలూ చేరాయి. శాసనాల్లో రాజు పేరుంది, ఆజ్ఞ ఉంది. ముడుమాల్ రాళ్ల మీద ఎవరి పేరూ లేదు. వాటిని నిలిపినవాళ్లకు రాజ్యముందో లేదో, దండుందో లేదో ఎవరూ చెప్పలేరు. చిన్న రాళ్లను చాలావాటిని చేను చదును చేసుకునేటప్పుడు రైతులు తీసేశారు. పెద్దవాటిని ఊళ్లో నిలురాళ్ల తిమ్మప్ప అని పిలిచి మొక్కుతారు.